సరుగుడు కర్రతో చుట్టుపాక: మా ప్రాజెక్టు డైరీ

సంక్రాంతి అయ్యాక

కళింగపట్నం దగ్గర ఒక మత్స్యకారుల ఊళ్ళో వలలు బాగుచేసుకోడానికి, వేట నించి వచ్చాక ఆడవాళ్ళు నీడలో కూచుని చేపలు బేరాలాడుకోడానికి ఒక పాక కావాలన్నారు. ముందు మాట సిమెంటు స్తంభాలూ, పైన రేకులూ. కానీ సముద్రం ఒడ్డున సిమెంటు స్తంభాల గతి ఆ ఊరికి కొత్తగా చెప్పక్కర్లేదు, ఉప్పుగాలికి లోపల ఇనుము తుప్పు పట్టి ఉబ్బి పైన సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది, రేకుల కింద మధ్యాహ్నం పూట మనిషి కూచోలేడు. అందుకని నేను ఒకటే అడిగాను. ఊరి చుట్టూ ఎటు చూసినా సరుగుడు తోటలే కదా, దాంతో ఎందుకు కట్టకూడదు?

సరుగుడు అంటే మన దగ్గర పంట. నాలుగేళ్ళకి కొట్టడం, టన్నుల లెక్కన లారీ ఎక్కించి కాగితం మిల్లుకి పంపడం, మిగిలిన కర్ర సెంట్రింగుకో పెళ్ళి పందిరికో పోతుంది. దాంతో శాశ్వతంగా ఏదన్నా కట్టచ్చు అని ఎవరూ అనుకోరు, "అది చెద తినేస్తుంది, ఎండితే పగిలిపోతుంది" అంటారు. రెండూ నిజమే. కానీ ఆ రెండిటికీ మందు తెలిసినవాళ్ళు ఈ జిల్లాలోనే ఉన్నారు, కాకపోతే ఒకళ్ళతో ఒకళ్ళకి పరిచయం లేదు. నాకు ఈ ప్రాజెక్టులో అన్నిటికన్నా ముఖ్యం అనిపించింది అదే.

కాబట్టి మొదట్లోనే ఒక నియమం పెట్టుకున్నాం, నేను ఆర్కిటెక్టుని కదా అని ముందే బొమ్మ గీసి అందరి చేతికీ ఇవ్వను, బొమ్మ ఆఖర్న వస్తుంది. టీములో ఉన్నది ఒక సరుగుడు రైతు, ఒకప్పుడు పడవలు కుట్టిన తాత, ఊరి వడ్రంగి మేస్త్రి, విజయనగరంలో ఇంజినీరింగ్ చదివే ఇద్దరు సివిల్ కుర్రాళ్ళు, వాళ్ళకి స్ట్రక్చర్స్ చెప్పే మాస్టారు. తర్వాత ఇంకొందరు కలిసారు, వాళ్ళ సంగతి వస్తుంది.

ఆకారం మాత్రం మొదటి మీటింగులోనే తేలిపోయింది, తాతే తేల్చాడు. "సుట్టిల్లు కట్టండి బాబూ, గాలి పట్టుకోదు." ఉత్తరాంధ్రలో చుట్టిళ్ళు ఎందుకు గుండ్రంగా ఉంటాయో, తాటాకు కప్పు దాదాపు నేలని తాకేంత కిందకి ఎందుకు దిగుతుందో మాస్టారు కుర్రాళ్ళకి బోర్డు మీద వివరించారు. గాలికి ఎదురు నిలబడే బల్లపరుపు గోడ ఉండదు, మూలలు ఉండవు, ఎక్కువ పీడనం పుట్టేది మూలల దగ్గరా అంచుల దగ్గరా కాబట్టి మూలలే లేకపోతే సగం బెడద వదిలినట్టే. మాది గోడల్లేని పాక గనక అంత కిందకి దించలేం, మనుషులు అన్ని పక్కల నించీ వెళ్ళాలి కదా. అయినా గుండ్రటి ఆకారం, ముప్ఫై అయిదు డిగ్రీల వాలు ఉంచుకుందాం అనుకున్నాం. ఏడు మీటర్ల వెడల్పు, చుట్టూ 12 రాటలు, పైకి 24 వాసాలు.

ఫిబ్రవరి, తోటలో

ఈ నెలంతా తోటలోనే. నాకు చాలా నచ్చిన భాగం ఇది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాను.

రైతు తన తోటని మాకు ఎలా చూపించాడంటే, గట్టు వెంబడి ఉన్న చెట్లు లావుగా ఉంటాయి, వెలుతురు ఎక్కువ, గాలి దెబ్బ ఎక్కువ, కొమ్మలు కూడా ఎక్కువే కాబట్టి కణుపులు ఉంటాయి. లోపలి వరసల్లో చెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ వెలుతురు కోసం నిటారుగా పైకి పోతాయి, సన్నంగా తిన్నగా ఉంటాయి, కణుపులు తక్కువ. మిల్లుకి ఈ తేడాతో పని లేదు, కాటా మీద బరువే లెక్క. మాకు మాత్రం ఇదే డిజైను. రాటలు గట్టు చెట్లు, వాసాలు లోపలి చెట్లు, అక్కడికక్కడే సున్నం గుర్తులు పెట్టేసాం.

కుర్రాళ్ళు తోటలోనే టెస్ట్ పెట్టారు. రెండు మొద్దుల మీద కర్రని పడుకోబెట్టి మధ్యలో మూడు మీటర్లు ఖాళీ ఉంచి, నడిమధ్యలో వంద కేజీల ఇసక బస్తా వేలాడదీసి ఎంత కిందకి వంగిందో టేపుతో కొలవడం. 75 మిల్లీమీటర్ల లావు కర్ర 30 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వంగింది. అదే 90 మిల్లీమీటర్లది అందులో సగమే. రైతుకి నమ్మకం కలగలేదు, ఇంత చిన్న తేడాకి సగం ఏంటి అని తనే బస్తా మార్చి మళ్ళీ చూసుకున్నాడు. గుండ్రటి కర్ర వంగకుండా ఆగే బలం లావుకి నాలుగో ఘాతంలో పెరుగుతుంది, అంటే లావు ఇరవై శాతం పెరిగితే బిర్రు రెట్టింపు అవుతుంది అని ఒక కుర్రాడు నేల మీద పుల్లతో లెక్క వేసి చూపించాడు. అప్పుడు రైతు అడిగిన ప్రశ్న ఈ ప్రాజెక్టుకే మలుపు అనుకుంటాను: "అయితే గట్టు వరస ఇంకో రెండేళ్ళు కొట్టకుండా ఉంచితే నాకు లాభమా?"

మిల్లు లెక్కలో కాదు. కట్టుబడి లెక్కలో లాభమే, లావు కర్రకి వేరే ధర ఇచ్చేవాడుంటే. గట్టు వరస ఉంటే లోపలి పంటకి గాలి అడ్డు కూడా. పైగా సరుగుడు వేరు బుడిపెల్లో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి ఉంటుంది, గాల్లో నత్రజనిని పట్టి చెట్టుకి ఇస్తుంది, అందుకే ఉత్త ఇసకలో కూడా బతుకుతుంది. అంటే ఈ కర్ర పెరిగేది వేరే పంట పండని నేలలో. పర్యావరణం పేరు చెప్పి ఎక్కడో దూరం నించి టేకు తెప్పించడం కంటే ఇది ఎంతో నయం.

సన్నటి గుండ్రటి కర్రతో కట్టడాలు కొత్త ఆలోచన కూడా కాదు. ఇంగ్లండులో హుక్ పార్క్ అనే అడవిలో 1980ల్లోనే ఫ్రై ఒట్టో అనే జర్మన్ ఆర్కిటెక్టూ ఇంజినీర్లూ కలిసి, అడవి పలచన చెయ్యడానికి కొట్టేసే సన్న చెట్లతో భవనాలు కట్టారు. నార్వేలో 2019లో పూర్తయిన మ్యోస్టార్నెట్ అనే కర్ర టవరు 85.4 మీటర్ల ఎత్తు, 18 అంతస్తులు. దాంట్లో వాడినవి జిగురుతో అతికించి చేసిన పెద్ద పెద్ద దూలాలు, అలాంటి ఫ్యాక్టరీ మన జిల్లాలో లేదు. కానీ హుక్ పార్క్ దారి మనకి అందుబాటులో ఉంది, అక్కడ స్ప్రూస్ అనే చెట్టయితే ఇక్కడ సరుగుడు. మన దేశంలో సీపీడబ్ల్యూడీ, అంటే కేంద్ర ప్రజా పనుల శాఖ వాళ్ళు తమ కట్టడాల్లో కర్ర మీద 1993 నించీ పెట్టుకున్న నిషేధాన్ని 2020లో ఎత్తేసారు కాబట్టి గవర్నమెంటు పనుల్లో కూడా దీనికి తలుపు తెరుచుకుంది.

మార్చి, ఆరబెట్టడం

కొట్టిన రోజే బెరడు తీసెయ్యాలి, పచ్చిగా ఉన్నప్పుడు బాడిసతో నాలుగు దెబ్బలకి పట్టలు పట్టలుగా వచ్చేస్తుంది, ఆరితే అతుక్కుపోయి ప్రాణం తీస్తుంది. బెరడు కింద కర్ర ఎర్రగా తడితడిగా ఉంటుంది, బరువు చూస్తే ఇద్దరు మోసినా భుజం నొప్పే. చివరలు ముందు ఆరతాయి కాబట్టి పగుళ్ళు అక్కడే మొదలవుతాయి, అందుకని రెండు చివరలకీ తారు పూసి జీఐ తీగ బిగించి చుట్టాం, నేలకి ఎత్తుగా, నీడలో, కర్రకీ కర్రకీ మధ్య గాలి ఆడేలా పేర్చాం.

ఆరబెట్టడానికి ముందే చెద మందు. పచ్చి కర్రకే ఇది పనిచేస్తుంది, ఎందుకంటే లోపలున్న నీటి దారి పట్టుకునే మందు లోపలికి పాకుతుంది. బోరాక్స్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో, టార్పాలిన్ పరిచిన గోతిలో నానబెట్టాం. ఆర్సెనిక్ ఉన్న మందులు ఇంకా గట్టిగా పనిచేస్తాయని మాకు సలహా వచ్చింది, కానీ ఆ పాక కింద చేపలు ఆరబెడతారు, పిల్లలు ఆడుకుంటారు, కాబట్టి ఆ మాటే వద్దనుకున్నాం. బోరాన్‌తో ఒక్కటే చిక్కు, వానకి కడుక్కుపోతుంది. అందుకే చూరు బయటికి బాగా జరిపాం, రాట అడుగు నేలని తాకకుండా ఎత్తాం, అంటే మందు వల్ల కప్పు ఆకారం మారింది. ఈ మాట మాస్టారు మీటింగులో రెండు మూడు సార్లు చెప్పారు, రసాయనం వేరు డిజైన్ వేరు అనుకుంటే రెండూ చెడతాయి అని.

పైపూతకి జీడి నూనె. పలాసలో జీడిపిక్కల పెంకు నించి తీసే నల్లటి చిక్కటి నూనె, పడవలకి పూస్తారు, తాతకి వాసన చూసి ఏది మంచిదో చెప్పడం వచ్చు. జీడి బట్టీ నడిపే ఒకాయన మాతో కలిసింది ఇక్కడే. చేతికి తగిలితే బొబ్బలెక్కుతుంది కాబట్టి గ్లౌజులు వేసుకుని పూయాల్సిందే, కుర్రాళ్ళకి గట్టిగా చెప్పాం. పూసిన కర్ర రెండు మూడు రోజులు జిడ్డు జిడ్డుగా ఉండి తర్వాత ముదురు గోధుమ రంగులో గట్టిపడింది. దగ్గర నించి చూస్తే సన్న పగుళ్ళలోకి కూడా దిగిపోయి గీతలు గీతలుగా కనిపిస్తుంది, చాలా అందంగా ఉంది.

ఏప్రిల్, పునాదులు

ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, మనుషులు ఖాళీ, చేతికి కూలి కావాలి, మా పని అందుకే ఈ రెండు నెలల్లో పెట్టుకున్నాం.

ఇక్కడ గాలి లెక్క చెప్పాలి. మన తీరానికి కోడ్ ప్రకారం, అంటే కట్టడాల మీద గాలి లెక్కకి మన దేశంలో వాడే ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం, గాలి వేగం సెకనుకి 50 మీటర్లు తీసుకోవాలి, గంటకి 180 కిలోమీటర్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు 140 నించి 150 అన్నారు, ఉద్దానంలో కొబ్బరీ జీడీ ఏమైపోయాయో అందరం చూసాం. 180 దగ్గర చదరపు మీటరుకి సుమారు 150 కేజీల పీడనం. మా కప్పు చూరుతో కలిపి పైనించి చూస్తే 55 చదరపు మీటర్లు, అంటే గట్టిగా వేసుకుంటే 8 టన్నుల దాకా పైకి లాగచ్చు. కప్పు బరువు చూస్తే రెండు టన్నులు. మిగతా ఆరు టన్నులు 12 రాటలకి పంచితే ఒక్కోదానికి అరటన్ను. ఆ అరటన్ను కిందకి కాదు, పైకి! ఈ పాకకి పునాది బరువు మొయ్యడానికి కాదు, ఎగిరిపోకుండా పట్టుకోడానికి.

అరటన్ను సిమెంటు దిమ్మ వేసేస్తే అయిపోతుంది, రెండడుగుల పొడవూ వెడల్పూ లోతూ ఉన్న దిమ్మ సరిపోతుంది. కానీ సిమెంటు తగ్గిద్దామనే కదా ఇదంతా. ఊళ్ళో ఒకతను లంగరు మాట ఎత్తాడు, ఇసకలో పాతితే పైనున్న ఇసకే బరువు కదా అని. అక్కణ్ణించి టెక్కలి గ్రానైట్ క్వారీల దగ్గర పడేసే పలకల ముక్కలు గుర్తొచ్చాయి. రెండడుగుల పలక నాలుగడుగుల లోతులో పడుకోబెట్టి, మధ్యలో కన్నం వేసి గాల్వనైజ్డ్ రాడ్ దింపి ఇసక కప్పేస్తే పైన దాదాపు 700 కేజీల ఇసక కూచుంటుంది. లెక్క కాగితం మీద సరిపోయింది, అందరం సంతోషించాం.

తాత మాత్రం గొయ్యి దగ్గరే నిలబడి తల అడ్డంగా ఊపాడు. "తుఫానొచ్చినప్పుడు ఇక్కడ రెండడుగులు తవ్వితే నీళ్ళే బాబూ, ఇసక తేలిపోద్ది."

మాస్టారు వెంటనే కాగితం తీసారు. నీళ్ళలో మునిగిన ఇసక బరువు ఘనమీటరుకి 1600 కేజీల నించి సుమారు వెయ్యికి పడిపోతుంది, నీరు పైకి నెట్టేది పోను మిగిలేది అంతే. అంటే ఆ 700 కాస్తా 430 అయిపోయింది, అరటన్నుకి తక్కువ. గాలి గట్టిగా వీచే రోజే నీళ్ళు పైకొచ్చే రోజు కూడా, రెండూ ఒకేసారి వస్తాయి. పలకని రెండడుగుల నించి రెండున్నర అడుగులకి పెంచాం, అప్పుడు నీళ్ళలో కూడా 670 కేజీల దాకా ఉంటుంది. పలక బరువు వేరే, ఒక్కోటి 75 కేజీల పైనే, నలుగురు పట్టుకుంటే దిగింది. తాత ఆ రోజు గొయ్యి దగ్గరికి రాకపోతే ఏమయ్యేది అని ఆలోచిస్తే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. కోడ్ పుస్తకంలో గాలి ఉంది, ఆ ఊరి ఇసక లేదు.

మే, అతుకులు

గుండ్రటి కర్రలో బోల్టు పెట్టడం తేలిక కాదు. చివరకి మరీ దగ్గరగా కన్నం వేస్తే లాగినప్పుడు నార వెంబడి చీలిపోతుంది, అందుకని కన్నం నించి చివరిదాకా కనీసం బోల్టు లావుకి ఏడు రెట్లు ఉంచాం, 12 మిల్లీమీటర్ల బోల్టుకి 84. అయినా సరుగుడుకి చీలే గుణం ఎక్కువ కదా, ఎలా?

తాత తన పాత పని తీసాడు. ఈ తీరంలో ఒకప్పుడు మాసుల పడవలు మేకు లేకుండా కట్టేవాళ్ళు, పలకలకి కన్నాలు వేసి కొబ్బరి తాడుతో కుట్టేసేవాళ్ళు, కెరటం కొట్టినప్పుడు పడవ మొత్తం సాగి వంగి మళ్ళీ సర్దుకునేది, మేకు కొట్టిన పడవైతే ఆ దెబ్బకి పలక పగిలేది. ఇప్పుడన్నీ ఫైబర్ బోట్లు, ఆ కుట్టు తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. తాత బోల్టుకి ఇటూ అటూ తడి కొబ్బరి తాడుతో చుట్లు వేసి, కర్రముక్క దూర్చి మెలిపెట్టి బిగించి, చివర తుమ్మ చీల కొట్టాడు. ఆరాక తాడు రాయిలా అయిపోయింది.

చైన్ పుల్లీ కట్టి, వేలాడే కాటా తగిలించి రెండు రకాల అతుకులూ లాగి చూసాం. ఉత్త బోల్టు అతుకు టప్పున చప్పుడు చేసి ఒక్కసారే చీలింది, ముందు ఏ సూచనా ఇవ్వలేదు. తాడు చుట్టింది మాత్రం కిర్రు కిర్రుమంటూ, కన్నం సాగుతూ, కావాల్సిన అరటన్నుకి రెట్టింపు దాటినా పట్టుకునే ఉంది. ఇంజినీర్లకి కావాల్సింది ఇదే, విరిగేముందు హెచ్చరిక ఇచ్చే అతుకు. కుర్రాళ్ళలో ఒకడు దీని మీదే ఫైనలియర్ ప్రాజెక్టు రాస్తానంటున్నాడు, రాయాలి కూడా, ఆ కుట్టు ఎక్కడో ఒక చోట కొలతలతో సహా నమోదవ్వాలి.

తాడు కాలం గడిస్తే వదులవుతుంది కదా అని మాస్టారు అడిగితే తాత, "పడవకి మాత్రం ఊరికే ఉంటాదేటి, మళ్ళా కుట్టుకోవాల" అన్నాడు. అందుకని ఏటా వేట నిషేధంలో తాళ్ళు చూసి బిగించుకోవడం అని ఊరి పెద్దలతో మాట అనుకున్నాం.

వాసాల కింది చివరలు బయటికి తన్నకుండా రాటల తలల మీదుగా చుట్టూ ఒక పట్టీ ఉండాలి, బండి చక్రానికి ఇనప పట్టా లాగా, అది గాల్వనైజ్డ్ తీగ తాడుతో చేసాం. పైన మాత్రం ఇంకో రకం చిక్కు. 24 వాసాలు ఒక్క చోట కలవవు, ఒక్కోటి ఆరు సెంటీమీటర్లు వేసుకున్నా పక్క పక్కన చేరితే అర మీటరు వలయం అవుతుంది. ఆ వలయం మీద అన్ని పక్కల నించీ ఒత్తిడి. దీనికోసం బొబ్బిలి దగ్గర గొల్లపల్లి వెళ్ళాం, వీణలు చేసే పనివారి దగ్గరికి. పనస కర్రతో వాళ్ళకున్నంత చనువు ఇంకెవరికీ లేదు. నేను ఒకే పలకలో గుండ్రంగా కోసేద్దామనుకుంటూ చూపిస్తే వాళ్ళలో ఒకాయన వేలితో నార గీత చూపించి, ఇలా కోస్తే రెండు చోట్ల నార అడ్డంగా వస్తుంది, అక్కడే విరుగుతుంది, ముక్కలుగా చేసి నార చుట్టూ తిరిగేలా పెట్టుకోండి అన్నారు. ఎనిమిది ముక్కలు, రెండు పొరలు, ఒక పొర అతుకు మీద ఇంకో పొర ముక్క మధ్య వచ్చేలా, తుమ్మ చీలలతో. ఉలి పని ఆయనే చేసారు, ఒక్కో గాడిలో ఒక్కో వాసం తల వేలు కూడా దూరనంత బిగువుగా కూచుంది. వర్షాకాలంలో కర్ర ఉబ్బుతుంది కాబట్టి కాస్త వదులు ఉంచాలా అని మేస్త్రి అడిగితే, పాత ఆరిన పనస కాబట్టి అక్కర్లేదు, సరుగుడు వైపు ఒక వెంట్రుక మందం తియ్యండి చాలు అన్నారు. వీణ పనివారూ పడవ తాతా ఒక గంట సేపు చీలల గురించే మాట్లాడుకున్నారు, మేం పక్కన కూచుని విన్నాం.

జూన్ మొదటి వారం

రాటలు నిలబడ్డాయి, వలయం ఎక్కింది, వాసాలు 24 కూడా పడ్డాయి. కర్రలకి మొదలు లావు చివర సన్నం కదా, వలయం వైపు అన్నీ సన్న చివరలే పెట్టాం, లేకపోతే గాడులు కుదరవు. వాసాల మీద అడ్డంగా పెండెలు కడుతున్నారు, ఆ మీద తాటాకు కమ్మలు. తాటాకు మూడు నాలుగేళ్ళకోసారి మార్చుకోవాల్సిందే, కర్రకి మాత్రం ఆ పరుగు ఉండకూడదు. ఎండిన కర్ర బరువులో దాదాపు సగం కార్బన్, కేజీ కర్రలో 1.8 కేజీల కార్బన్ డయాక్సైడ్ దాగుంటుంది, కాగితంగా మారితే కొన్నాళ్ళకే తిరిగి గాల్లోకి పోయేది పాకలో ఉంటే పాక ఉన్నన్నాళ్ళూ ఉంటుంది. అందుకే చెద మందు దగ్గరా, చూరు దగ్గరా, రాట అడుగు దగ్గరా అంత పట్టుదల.

రైతు గట్టు వరసకి ఎర్ర రంగు రింగులు వేసేసాడు, ఈసారి కోతలో ఆ చెట్లు ఉంచేస్తాడట. పక్క ఊరి వాళ్ళు బస్టాండు షెడ్డు అడుగుతున్నారు, దానికి కర్ర కావాల్సింది ఆ చెట్లు లావెక్కే నాటికే కాబట్టి లెక్క కలిసింది. ధర ఎలా పెట్టాలి అన్నది ఇంకా తేలలేదు, టన్నుకి కాకుండా లావుని బట్టి కర్రకింత అని నా పట్టు, రైతు కూడా అదే అంటున్నాడు.

ఇంక మిగిలినవి: కప్పు నేత పద్నాలుగులోపు అవ్వాలి, పదిహేను నించి జనం వేటకి వెళ్ళిపోతారు. తీగ తాడుని బిగించే మరలు, టర్న్‌బకిల్స్, బిగించాక ఒక వాసం చివర ఇసక బస్తాలు వేలాడదీసి వంపు కొలవాలి, రాడ్లు నాలుగిటిని చైన్ పుల్లీతో పైకి లాగి చూడాలి, అదీ బాగా వాన పడి ఇసక తడిసాకే లాగాలని తాత షరతు. కుర్రాళ్ళు ఆ రోజుకి విజయనగరం నించి వస్తామన్నారు.